ఎడమ సగానికి బదిలీ

ఆ ఏటి సాధారణ బదిలీల్లో, ఒంగోలులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న సువర్చల ముఖంలో ఎడమ సగాన్ని పలాసకు వేశారు. ఉత్తర్వు ఉదయం అందింది. మధ్యాహ్నానికల్లా సగం ముఖం రిలీవై వెళ్లిపోయింది. దాని స్థానంలో తాత్కాలికంగా కదలిక లేని చర్మం మిగిలింది. కాఫీ తాగితే ఎడమ పెదవి చివర నుంచి కారేది. కన్ను మూతపడక మండేది.

పై అధికారి సానుభూతిగానే మాట్లాడాడు. "కుడి సగం ఇక్కడే ఉంచాం గదమ్మా. కొందరికి అదీ లేదు."

పలాస పశువుల ఆసుపత్రిలో ఆమె భర్త శేషగిరి ఎన్నో ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు. భార్యాభర్తలను ఒకేచోట వేయాలన్న నిబంధన కిందే ముఖాన్ని అక్కడికి పంపామని కార్యాలయం వివరణ ఇచ్చింది. శేషగిరి ఆ సగం ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని రోజూ అన్నం తినేవాడు.

సువర్చల చైనా వైద్యం చేసే డాక్టర్ మస్తాన్‌వలి దగ్గరికి వెళ్లింది. ఆయన నాడి చూశాడు. మాచిపత్రి చుట్ట వెలిగించి చెంపకు సెగ చూపించాడు. ఆ తర్వాత ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సన్నటి సూది గుచ్చాడు.

"ముఖానికి జబ్బయితే చేతికి గుచ్చుతారేందండీ?"

"ముఖానికి దారి ఇక్కణ్ణించేనమ్మా. ఎంత దూరమున్నా అందుద్ది."

వెంటనే పలాస నుంచి ఫోను వచ్చింది.

"సువర్చలా, ఇప్పుడు నాకు కన్ను కొట్టావా?"

"నేనెందుకు కొడతానండీ!" అంది గానీ, ఉన్న సగం ముఖమూ సిగ్గుతో ఎర్రబడింది.

మొదట రెప్ప తిరిగొచ్చింది. కొన్నాళ్లకు పెదవి చివర, ఆ తర్వాత చెంప. ఒక ఉదయం సువర్చల అద్దంలో నిండుగా నవ్వి, భర్తకు చెప్పింది. శేషగిరి సంతోషించాడు. ఆ పూట మాత్రం అన్నం తినలేకపోయాడు.

ఆ సంగతి తెలిసి ఆమె మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"మా ఆయన్ని కూడా తెప్పించగలరా?"

ఆయన మళ్లీ సూది చేతిలోకి తీసుకున్నాడు. "పెళ్లిలో నీ ఏ చెయ్యి పట్టుకున్నాడమ్మా?"

ఆమె కుడిచెయ్యి చాపింది.

మర్నాడు పలాస వైపు నుంచి వచ్చిన రైల్లో శేషగిరి చెయ్యి ఒక్కటే దిగింది. మిగతా మనిషి విడతలవారీగా వస్తాడని కార్యాలయంలో చెప్పారు. ప్లాట్‌ఫారం మీద అలా తమవాళ్లలో కొంత భాగం కోసం వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు. సువర్చల చెయ్యి చాపింది. అతని వేళ్లు తడుముకుని, ఆమె వేళ్లను గట్టిగా పట్టుకున్నాయి. ఇద్దరూ ఇంటికి నడిచారు.