బావగారి కొత్త కనెక్షన్

ఆ రోజు పొద్దున క్యాషియరు గారి కార్యక్రమం చాలా చిన్నది. ఇంట్లో పాత ఇంటర్నెట్, టీవీ కనెక్షన్ తీయించేసి కొత్త కంపెనీది పెట్టించాలి. పదకొండింటికి అమ్మాయి ఇంటర్వ్యూ కోసం కంప్యూటర్ ముందు కూర్చునే వేళకి అంతా సిద్ధంగా ఉండాలి. బ్యాంకుకి సెలవు పెట్టాడు, గడ్డం గీసుకున్నాడు, కాఫీ రెండోసారి కూడా తాగాడు. ఇక మిగిలింది ఒక్కటే పని. పాత కనెక్షన్ అతనికి ఫోన్ చేసి "ఇక మీది మాకొద్దు" అని చెప్పడం.

అదే ఆయన వల్ల అయ్యే పని కాదు. క్యాషియరు గారికి బీపీ లేదు, షుగరు లేదు, ఉన్న జబ్బల్లా మొహమాటం. ఒకసారి సెలూన్ అతను పరధ్యానంలో మీసం సగం తీసేస్తే, "బాగుందండీ, ఆ రెండోది కూడా తీసేయండి" అన్నాడు. అప్పట్నుంచీ ఆయనకి మీసం లేదు. ఇంకోసారి పెళ్ళి జరుగుతున్న హాలు ముందు ఎవరో చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కెళ్తే, నేను మీ మనిషిని కాదండీ అని చెప్పలేక భోంచేసి, ఫొటోలో నిలబడి, వాళ్ళ తాతగార్ని కారెక్కించి మరీ ఇంటికొచ్చాడు.

పోనీ పాత కనెక్షన్ మనిషి ముక్కూమొహం తెలియనివాడా అంటే అదీ కాదు. వచ్చిన మొదటి రోజే ఇంటావిణ్ణి "అక్కయ్యా" అన్నాడు. ఆ వరసన క్యాషియరు గారు "బావగారూ" అయిపోయాడు. ఆవిడకి జ్వరమొస్తే తన బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అలాంటి మనిషితో నీ వైరు పనికిరాదని ఎలా అంటారు? టీవీలో వార్తలు చదివే ఆవిడ నోరు తెరిచి అలాగే ఆగిపోయినా, "పాపం, అలిసిపోయుంటుంది" అని క్యాషియరు గారు సర్దుకుపోయేవాడు.

కానీ కిందటి వారం నోరు తెరిచి ఆగిపోయింది సొంత కూతురు. ఏడాదిగా ఉద్యోగం కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న పిల్ల, ఇంటర్వ్యూలో చక్కగా జవాబు చెబుతూ చెబుతూ తెర మీద బొమ్మలా బిగుసుకుపోయింది. అవతలివాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఇంకో అవకాశం ఇచ్చారు. మళ్ళీ ఇలా అయితే మాత్రం కుదరదన్నారు. పిల్ల ఎవర్నీ ఏమీ అనలేదు. ఒక్క మాట అని ఉంటే తండ్రికి అంత బాధ ఉండేది కాదు.

స్కూల్లో లెక్కలు చెప్పే భార్య, బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "ఫోన్ చేస్తారా, చెయ్యరా?"

"నువ్వే చెప్పకూడదూ? నీకు తమ్ముడి వరస కదా."

"కనెక్షన్ మీ పేరు మీదుంది. ఎంతసేపండీ? వద్దు. రెండక్షరాలు."

క్యాషియరు గారు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి నడిచాడు. ఒక్క మోతకే అవతల ఎత్తారు.

"చెప్పండి బావగారూ! ఏంటి, పొద్దున్నే?"

"ఏం లేదయ్యా... మీ అమ్మ మోకాలెలా ఉంది?"

"ఇప్పుడు కాస్త నయం. నడుస్తోంది." కేబుల్ తమ్ముడు ఏదో చెప్పబోయి ఆగినట్టయింది. "మీకు నెట్ బాగానే వస్తోందా?"

"ఆఁ... అంటే... కొంచెం మెల్లిగా... అయినా పర్లేదులే."

"మెల్లిగానా? అక్కయ్య ఇంట్లో నెట్ మెల్లిగా ఉంటే నేనెలా ఊరుకుంటాను? ఇదిగో, బయల్దేరుతున్నా."

"అయ్యో, వద్దు!" అని క్యాషియరు గారు ఆ రెండక్షరాలూ ఎట్టకేలకు అన్నాడు. అప్పటికే అవతల ఫోన్ పెట్టేశారు.

"చెప్పేశారా?" అంది భార్య.

"మాట్లాడాను," అన్నాడాయన. అందులో అబద్ధం లేదు కదా. ఆవిడ నమ్మి స్కూలుకి వెళ్ళిపోయింది.

కాసేపటికి కొత్త కంపెనీ అమ్మాయి నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను, భుజాన వైరు చుట్టతో దిగింది. చురుకైన పిల్ల. మేడ మీంచి కొత్త వైరు బాల్కనీలోకి దించేసింది, హాలు గోడకున్న పాత బాక్సు ఊడదీసేసింది. "పాత వైరు కూడా కోసేయనా సార్?" అని అడిగితే, "కోసేయమ్మా" అన్నాడు క్యాషియరు గారు. అన్నవాడు అలా వీధిలోకి చూసేసరికి కేబుల్ తమ్ముడి బండి కనబడింది.

"అమ్మా, కాస్త ఆ పడగ్గదిలో ఉంటావా? మా బావమరిది వస్తున్నాడు."

"బావమరిది వస్తే నేనెందుకు దాక్కోవాలి సార్?"

"అతనికి కొత్తవాళ్ళంటే బెరుకు."

ఆ పిల్ల ఆయన్ని ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళింది. తలుపు దగ్గరికి వేసి తిరిగేసరికి కేబుల్ తమ్ముడు హాల్లో ఉన్నాడు. నిచ్చెన కూడా హాల్లోనే ఉంది.

"నిచ్చెనేంటి బావగారూ?"

"రంగులు... రంగులు వేయిద్దామని."

"అందుకేనా గోడ మీద బాక్సు తీసేశారు! మంచి పని చేశారు. రంగులంటే మా తమ్ముడున్నాడుగా, పక్క వీధే. మీరు బయటివాళ్ళని పిలుస్తారేంటి?" అంటూనే ఫోన్ చేసేశాడు. క్యాషియరు గారు చెయ్యెత్తి ఆపబోయాడు. తీరా ఎత్తిన చెయ్యి మొహమాటపడి తల గోక్కుంది.

ఇంతలో పడగ్గదిలోంచి డ్రిల్లింగ్ మోత. ఊరికే కూర్చోవడం చేతకాని ఆ పిల్ల, కూతురి గదిలోకి వైరు వెళ్ళడానికి గోడకి కన్నం పెడుతోంది.

"పక్కింటివాళ్ళు," అన్నాడు క్యాషియరు గారు. "వాళ్ళకి వేళాపాళా ఉండదు."

కేబుల్ తమ్ముడు మేడెక్కి వచ్చి సంతోషంగా చెప్పాడు. "దొరికింది బావగారూ! ఎవరిదో దిక్కుమాలిన వైరు మన లైను మీద పడింది. లాగి చుట్టచుట్టి మూల పడేశాను. ఇక చూస్కోండి!" అని చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. అదే అదనుగా పడగ్గది తలుపు తెరుచుకుంది.

"సార్, నా లైను పోయింది. పైకెళ్ళి చూస్తా."

"మెల్లిగా వెళ్ళమ్మా, చప్పుడు చెయ్యకు," అని ఆయన ఆ పిల్లని సొంతింట్లోంచి దొంగని సాగనంపినట్టు సాగనంపాడు. పైన తన వైరు చుట్టచుట్టి ఉండటం చూసి ఆ పిల్లకి ఒళ్ళు మండింది. దాన్ని మళ్ళీ పరిచి, ఇందాక చెప్పిన పని గుర్తొచ్చి, పాత వైరు కసుక్కున కోసేసి, దిగొచ్చి మళ్ళీ పడగ్గదిలో దూరింది. ఆ తర్వాత, నెట్ ఇంకా రాలేదేమిటా అని కేబుల్ తమ్ముడు ఎక్కాడు, మొహం వేలాడేసుకుని దిగాడు.

"ఎలుకలు కొరికేశాయి బావగారూ. కత్తిరించినట్టే కొరికాయి!"

"అవునయ్యా, ఇక్కడివి చాలా పెద్దవి," అన్నాడు క్యాషియరు గారు.

"ఏం దిగులు పడకండి. ఇందాకటి దిక్కుమాలిన వైరుంది చూడండి, అందులో ముక్క కోసి మనదానికి అతికించాను."

ఆ విధంగా ఇద్దరు పనిమంతులు కష్టపడి పనిచేసిన మీదట బాక్సు ఊడిపోయి ఆ ఇంటికి పాత కనెక్షనూ లేదు, వైరు తెగి కొత్త కనెక్షనూ లేదు. అదే సమయానికి పెయింటరు డబ్బాలతో వచ్చి, సోఫా మీద దుప్పటి కప్పి, "ఏ రంగు సార్?" అన్నాడు. "నీ ఇష్టం," అన్నాడు క్యాషియరు గారు అలవాటు కొద్దీ. మొన్న ఆసుపత్రికి వేయగా మిగిలిన ఆకుపచ్చ ఉందిట. మొదలెట్టేశాడు.

పావు తక్కువ పదకొండుకి అమ్మాయి తన గదిలోంచి బయటికొచ్చింది. ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంది, జుట్టు ఒద్దికగా కట్టుకుంది. చేతిలో లాప్‌టాప్. హాల్లో దుప్పటి కప్పిన సోఫానీ, పచ్చబడుతున్న గోడనీ, కేబుల్ మామయ్యనీ చూసింది. అరవలేదు.

"నాన్నా, నెట్ రావట్లేదు. వచ్చేస్తుంది కదా?"

పిల్ల గొంతులో ఇంకా నమ్మకం ఉంది. ఊళ్ళో అందర్నీ నొప్పించకూడదని చూసుకుంటూ వచ్చిన క్యాషియరు గారికి, ఇంట్లో పిల్లని నిలువునా ముంచేస్తున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. పెయింటరు దుప్పటి అంచు పట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"తమ్ముడూ! నాకు నీ కనెక్షన్ వద్దు."

కేబుల్ తమ్ముడు చేతిలో ఉన్న వైరు ముక్క కింద పెట్టాడు.

"మెల్లిగా ఉందన్నానే, అది అబద్ధం. మాటిమాటికీ ఆగిపోతోంది. ఎప్పట్నుంచో ఇంతే. ఈ నిచ్చెన రంగులకి కాదు. మోత పక్కింటిది కాదు. లోపల కొత్త కంపెనీ అమ్మాయుంది, నేనే దాచాను. నీ వైరు కొరికింది ఎలుకలు కాదు, ఆ అమ్మాయి. కొరకమన్నది నేను. కోపమొస్తే తర్వాత తిట్టు, ఇప్పుడు మాత్రం నా కూతురికి దారి వదులు."

పెయింటరు బ్రష్షు ఆపాడు. కేబుల్ తమ్ముడు నిచ్చెన మెట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చేతులు తీసేసరికి నవ్వుతున్నాడు.

"అమ్మయ్య! బతికించారు బావగారూ. ఈ లైన్లో మిగిలింది మీరొక్కరే. అందరూ ఎప్పుడో మారిపోయారు. మూసేద్దామంటే మీకెలా చెప్పాలో తెలీక నడుపుతున్నాను. పొద్దున మీ ఫోన్ రాగానే చెప్పేద్దామనుకున్నా. మీరేమో అమ్మ మోకాలు ఎలా ఉందన్నారు. ఇంకేం చెప్పను?" కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో కూడా ఆ కొత్త కంపెనీదే."

"నాకు తెలుసు, నేనే పెట్టాను," అంది కొత్త కంపెనీ అమ్మాయి పడగ్గది గుమ్మంలోంచి. "సారు నన్ను గదిలో పెట్టకుండా ఉంటే అప్పుడే చెప్పేదాన్ని."

ఆ తర్వాత ఎవరూ మాటల్లో కాలం వృథా చెయ్యలేదు. కేబుల్ తమ్ముడూ, కొత్త కంపెనీ అమ్మాయీ మేడెక్కి అతికించినవి విప్పారు, కోసినవి అతికించారు. ముక్క పోయిన కొత్త వైరు కూతురి గదిదాకా అందలేదు, బాల్కనీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. సోఫా అంతా డబ్బాలు. చివరికి లాప్‌టాప్ నిచ్చెన మీద పెట్టి, ఎదురుగా స్టూలు వేశారు. నిచ్చెన కదలకుండా ఒక కాలు క్యాషియరు గారు, ఇంకో కాలు కేబుల్ తమ్ముడు పట్టుకుని కింద చతికిలబడ్డారు. సరిగ్గా పదకొండింటికి తెర వెలిగింది.

పిల్ల తడుముకోకుండా మాట్లాడింది. మధ్యలో అవతలివాళ్ళు అడిగారు, ఎదుటివాళ్ళకి నచ్చని విషయం చెప్పాల్సి వస్తే ఏం చేస్తారని.

"దాస్తే ఏమవుతుందో ఇవాళ మా ఇంట్లో చూశానండి," అంది అమ్మాయి. "చెప్పేస్తే ఏమవుతుందో కూడా ఇందాకే చూశాను. చెప్పేయడమే తేలిక. కానీ మొహమాటస్తుడికి దానికి చాలా ధైర్యం కావాలి. మా నాన్నగారు చెప్పేశారు."

నిచ్చెన కింద క్యాషియరు గారి కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామంటే నిచ్చెన వదలడానికి లేదు. కేబుల్ తమ్ముడు తన చెయ్యి ఖాళీ చేసుకుని, పెయింటు గుడ్డతో బావగారి కళ్ళు తుడిచాడు.

సాయంత్రానికే ఉద్యోగం వచ్చిందని ఫోన్ వచ్చింది. స్కూలు నుంచి వచ్చిన భార్య గుమ్మంలోనే కూతుర్ని కావలించుకుని ఏడ్చేసింది. ఏడుపు తగ్గాక తలెత్తి చూసింది. నాలుగు గోడలూ ఆకుపచ్చ, పైకప్పు కూడా ఆకుపచ్చ.

"ఇదేంటండీ, ఎవరు వెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు," అన్నాడు క్యాషియరు గారు, ఒక చెంప మీద కాస్త ఆకుపచ్చతో. "పెయింటరు పడగ్గదికి కూడా రేపొస్తానన్నాడు."