తగు చర్య నిమిత్తం ఫార్వర్డ్

నర్సు వీడియో సాక్షాత్తూ మంత్రిగారి మామగారి ఫోన్‌లోకి వచ్చేసిందని తెలియగానే, ఆన్‌లైన్ అశ్లీల నిరోధక విభాగం ఇన్‌స్పెక్టర్ చేతిలో టీ ఒలికి చొక్కా తడిసిపోయింది.

ముందురోజే మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టి, "బూతు వీడియో ఫార్వర్డ్ చేసినవాడు నా సొంత బావమరిదైనా సరే, లోపలేయిస్తా!" అని బల్ల గుద్దారు. పక్కనే కూర్చున్న బావమరిది అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ కుటుంబంలో చట్టం మీద గౌరవం అలాంటిది.

ఇక మామగారంటే మాటలా? పార్టీ టికెట్లన్నీ ఆయన గుప్పిట్లోనే ఉంటాయి.

"పెద్దాయన పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని ఫోన్ తెరిస్తే అదీ!" మంత్రిగారు ఫోన్‌లో ఉరిమారు.

"మొత్తం చూసేశారా సార్?"

"రెండుసార్లు చూశారు, అసహ్యంతో! సాయంత్రంలోగా దోషి దొరక్కపోతే నీ టోపీ ఊడుతుంది."

నర్సు అప్పటికే వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. పోయిన వారం కూడా అదే బెంచీ. మాజీ మొగుడు తన వీడియో స్నేహితులకు పంపాడని అప్పుడు ఫిర్యాదు చేసింది. "నలుగురి దగ్గరే ఉంది సార్. ఆస్పత్రిలో తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అక్కడితో ఆపేయండి," అని బతిమాలింది.

"వీడియో లేకుండా కేసేంటమ్మా? నా నంబరుకి పంపు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆమె తల దించుకుని పంపింది. మాజీ మొగుడు మాత్రం తన ఫోన్ పోయిందన్నాడు. ఫోనే లేనివాడి మీద ఆన్‌లైన్ కేసు నిలవదని విభాగం లాయరు తేల్చేశాడు.

"మేట్రన్ పిలిచింది సార్," అంది నర్సు ఇవాళ. "వార్డుబాయ్‌లు కూడా చూసేశారట. రేపట్నుంచి రావద్దంది."

"కంగారుపడకమ్మా. దర్యాప్తు మొదలైంది."

"ఇప్పుడా?"

"పైనుంచి ఒత్తిడొచ్చింది మరి!"

ఇన్‌స్పెక్టర్ మెరుపులా కదిలాడు. మామగారికి పంపింది పార్టీ యువజన నాయకుడు. అతను తడుముకోలేదు.

"నైతిక బాధ్యతన్నా! 'ఇలాంటివి ఎవరూ చూడొద్దు, వెంటనే పదిమందికి పంపి హెచ్చరించండి' అని రాసి మరీ అన్ని గ్రూపుల్లోనూ పెట్టా."

"నీకెవరు పంపారు?"

"మంత్రిగారే. కింద 'ఛీ' అని కూడా రాశారు."

ఇన్‌స్పెక్టర్ మంత్రిగారికి పంపిందెవరో ఆరా తీశాడు. తమ విభాగం డైరెక్టరేనని తేలడంతో ఆయనకే ఫోన్ చేశాడు.

"తగు చర్య నిమిత్తం పంపానయ్యా," అన్నాడు డైరెక్టర్. "పంపడమే నా పని, చర్య నా పని కాదు. అయినా నాకు పంపింది నువ్వేగా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో వెనక్కి వెళ్లి చూసుకున్నాడు. నిజమే. 'దయతో పరిశీలించగలరు' అని రాసి, కింద దణ్ణం బొమ్మ కూడా పెట్టాడు.

చేసేది లేక మంత్రిగారికే విన్నవించుకున్నాడు.

"నేను పంపింది ఫార్వర్డ్ కాదయ్యా. ఆదేశం."

"నాది నివేదిక సార్."

"డైరెక్టర్‌ది?"

"కరెస్పాండెన్స్ సార్."

"మరి మనలో ఎవరూ కానప్పుడు నీకెవడు పంపాడు?"

ఇన్‌స్పెక్టర్ కిటికీ అద్దంలోంచి వరండా వైపు చూశాడు. పోబోయిన టోపీని సరిగ్గా పెట్టుకున్నాడు.

సాయంత్రానికి ఆఫీసు నిండా కెమెరాలే. దోషిని ఒక్క పూటలో పట్టుకున్నందుకు మంత్రిగారు ఇన్‌స్పెక్టర్ మెడలో దండ వేశారు. బావమరిది మళ్ళీ చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత మైకు నర్సు ముందుకు జరిగింది.

"భయపడకుండా చెప్పమ్మా," అన్నారు మంత్రిగారు తండ్రిలా. "ఈ ఆఫీసుకి ఆ వీడియో పంపిందెవరు?"

"నేనే పంపాను సార్. అప్పటికది నలుగురి దగ్గరే ఉంది. మీకు పంపాకే ఊరందరికీ చేరింది. ఆపుతారనుకున్నాను. తప్పు నాదే, రాసుకోండి."