కానుగ డీజిల్, కుడి మోకాలు

2006 మే నెలలో ఒక పొద్దున బంగారుపాళ్యం గిరిప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు లీటర్ల క్యాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కడం, తిరుపతి ల్యాబులో ఇచ్చి రావడం. క్యానులో ఉన్నది కానుగనూనెతో అతను సొంతంగా తయారుచేసిన డీజిల్. పోయినసారి నీటి శాతం ఎక్కువని పరీక్షలో తప్పింది. ఈసారి బాగా మరగబెట్టి, వడగట్టి, మూతకు లక్క సీలు వేశాడు. సాయంత్రంలోగా ల్యాబుకు అందితేనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ జనరేటర్లకు అతని డీజిల్ కొంటారు.

“ఈ తూరి కూడా తప్పితే నువ్వు డీజిల్ కాచే షెడ్డులో ఎనుముల్ని కట్టేస్తా” అన్నాడు తండ్రి ఏకాంబరం. అప్పటినుంచీ గిరిప్రసాద్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

బస్సు కదిలాక కండక్టర్ మునస్వామి ముక్కు ఎగబీల్చాడు. “ఏందప్పా ఆ క్యాన్లో? డీజిలైతే దిగిపో.”

“డీజిల్ కాదన్నా, ఒట్టు! కానుగనూనె. మోకాళ్ల నొప్పులకి.”

ముందుసీటులోని గంగులమ్మ గిర్రున తిరిగింది. “నాయనా, రెండు సుక్కలు పొయ్యి. మెట్లెక్కలేక సస్తా ఉండా.”

“సీలుండాది అవ్వా, తియ్యకూడదు.”

“నూనే అయితే తీసేదానికేం?” అన్నాడు మునస్వామి, మళ్లీ అనుమానంగా.

పక్కసీటులో అందాకా మోకాలు పిసుక్కుంటున్న కళ్లజోడు పెద్దమనిషి “ఇట్లియ్యప్పా” అని క్యాను లాక్కుని, లక్కను పంటితో కొరికి పారేశాడు. గంగులమ్మ కంటే ముందు తన కుడి మోకాలికే రాసుకున్నాడు.

పూతలపట్టులో ఎక్కినవాళ్లు టికెట్టు కంటే ముందు నూనె అడిగారు. ఎవరి చేతి విభూతో, ఎవరి వేలి సున్నమో క్యానులోకి దిగింది. ఒక్క నీటిబొట్టు లేకుండా చేయడానికి తాను పడిన పాట్లు గుర్తొచ్చి గిరిప్రసాద్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఇంతమంది మోకాళ్లకు డీజిల్ పూసిన సంగతి బయటపడితే తనను బయటికి తోసేయడానికి బస్సు ఆగేదాకా కూడా ఎవరూ ఆగరనిపించి మూసుకున్నాడు.

తిరుపతిలో దిగి, ల్యాబు వెతుక్కుంటూ పోయేసరికి మధ్యాహ్నమైంది. లోపల పరీక్షాధికారి చంద్రమౌళి కుర్చీలో, ప్యాంటు పైకి మడిచి, బస్సులోని అదే కళ్లజోడు పెద్దమనిషి.

“సార్, కానుగ డీజిల్ శాంపిలు.”

చంద్రమౌళి క్యానును చూశాడు. తన మోకాలిని చూసుకున్నాడు. “డీజిల్ కాదని బస్సులో ఒట్టేసినావే?”

“కండక్టర్ దించేస్తాడని సార్.”

“సరే. సీలు యాడ? సీలు లేంది తీసుకోకూడదు.”

“మీరే కద సార్ కొరికేసింది!”

“ఎవురు కొరికినారని రూల్లో ఉండదప్పా. సీలుండాదా, లేదా, అంతే.”

గిరిప్రసాద్ కళ్లముందు ఎనుములు బారులు తీరాయి. క్యాను ఎత్తుకుని గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి చంద్రమౌళి గొంతు తగ్గించి పిలిచాడు.

“ఆ మిగిలింది పారబొయ్యొద్దప్పా. ఎడమ మోకాలు అట్నే ఉండాది.”

వారం తిరక్కముందే మునస్వామి బస్సు బంగారుపాళ్యంలో ఆపి, మోకాళ్ల నూనె సీసాలకోసం షెడ్డుదాకా నడిచొచ్చాడు. అతని వెనక సగం బస్సు దిగింది. ఏకాంబరం ఎనుములు బయటే ఉండిపోయాయి.

మోకాళ్లకు నాణ్యతా ప్రమాణాలు ఇంకా ఎవరూ రాయలేదు మరి.