గవరయ్య కోటలో నీళ్ళ లిఫ్టు

కుళాయికి నీళ్ళు రాకపోవడం ఒక వరం! నవ్వకండి. రోజూ నీళ్ళొచ్చే ఊళ్ళో పక్కింటివాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. మా పోర్ట్‌బ్లెయిర్‌లో మూడురోజులకోసారి ఓ గంట వస్తాయి కాబట్టే బిందెల లైనులో స్నేహాలు, తగాదాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ తేలిపోతాయి. ఆ వచ్చే నీళ్ళు కూడా కింది కుళాయిదాకా వచ్చి ఆయాసపడి ఆగిపోతాయి. మేడెక్కవు. ఎందుకెక్కాలి? ఎక్కించడానికి ఆడవాళ్ళు లేరూ!

నమ్మరా? అయితే మా డిగ్నాబాద్ పేట గవరయ్య సంగతి వినండి.

గవరయ్యకి నీళ్ళమీద చేపలు, గట్టుమీద సినిమాలు తప్ప ఇంకో లోకం లేదు. రాజుల సినిమా ఒకటి చూసొచ్చి, మూడంతస్తుల ఇంటిని కోట చేసి పారేశాడు. మూలమూలకీ బురుజు, బురుజుమీద రేకుల టోపీ, గుమ్మానికి ఏనుగు పట్టేంత కమాను. ఏనుగు లేదు, స్కూటరుంది.

కోట బాగానే ఉంది. బాగాలేనివి అతని పెళ్ళాం అసిరమ్మ మోకాళ్ళు. కాపరానికొచ్చిన నాటినుంచి, ఇల్లు ఒక్కో అంతస్తూ లేచినకొద్దీ, చంకన నీళ్ళబిందె, నెత్తిన నెత్తళ్ళ చేపల తట్ట పెట్టుకుని మెట్లెక్కిన మోకాళ్ళవి. నెత్తళ్ళు ఎండేది మేడమీదే మరి.

"ఏటయ్యా, వచ్చే ఎండలకి నాను ఈ మెట్లెక్కలేను. ఏదో దారి సూడు. నేదంటే మాయాబందర్ మా అప్ప కాడికి ఎల్లిపోతాను. నీ కోటలో నువ్వే రాజువి, నువ్వే బంటువి!" అంది.

గవరయ్య తుఫానుకి జంకడు గాని, అసిరమ్మ చేతి పులుసు లేని పూట తలుచుకుంటేనే వణుకు.

"కరెంటు లిఫ్టెట్టించెయ్, భయ్యా" అన్నాడు పక్కింటి జోగులు.

"కోటలో కరెంటేట్రా? రాజులు నవ్విపోరూ! నీళ్ళతో నడిపిస్తాను, సూస్తుండు, దేఖ్‌తే రహో!"

ఇంక డిజైను చూడండి! మేడమీద పెద్ద కప్పీ. దానిమీంచి పడవ మోకు. మోకుకి ఒక కొసన మనిషి నిలబడే పెట్టె, రెండో కొసన పీపా. బురుజు రేకులమీంచి జారే వాననీళ్ళు పై టాంకులోకి, టాంకులోంచి పీపాలోకి. పీపా బరువెక్కి కిందికి దిగితే మనిషి పైకి. కింద పీపా ఖాళీ చేస్తే మనిషి మళ్ళీ నేలకి. పైసా ఖర్చు లేదు, పొగ లేదు!

వానాకాలమంతా లిఫ్టు పరుగో పరుగు. తుష్నాబాద్ నుంచి జనం బస్సుల్లో వచ్చి ఎక్కారు. జోగులు బక్కపలచటివాడు. పీపా నిండగానే ఎంత జోరుగా ఎగిరాడంటే, వైజాగ్ షిప్పు ఎంతదూరంలో ఉందో చూసి, దాని డెక్కుమీద ఎవరు వాంతి చేసుకుంటున్నారో కూడా చెప్పాడు!

అసిరమ్మ కూడా ఎక్కింది. తడిసి ముద్దై దిగింది.

"పైనేటుందే?" అన్నాడు గవరయ్య మురిసిపోతూ.

"వానుంది. వానలో నెత్తళ్ళు ఎండబెట్టమంటావేటి?"

అదన్నమాట! వానున్నప్పుడు లిఫ్టుంది, పైన పని లేదు. జనవరిలో ఎండొచ్చింది, నెత్తళ్ళొచ్చాయి, టాంకు ఎండింది. అసిరమ్మ బట్టల పెట్టె సర్దింది.

గవరయ్య ఆమె చేతిలోంచి పెట్టె లాక్కుని బిందె అందుకున్నాడు. అసిరమ్మ ఎంత బరువుందో, ఆమె తట్ట ఎంత బరువుందో, అన్ని నీళ్ళూ కిందినుంచి మెట్లమీదుగా మోసి టాంకులో పోశాడు. పీపా దిగింది. అసిరమ్మ మహారాణిలా పైకి లేచింది.

ఎదురింటి కాసులమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "గవరయ్యా, అన్ని బిందెలు మోసే బదులు ఆ నెత్తళ్ళ తట్ట నువ్వే మోసీరాదా?"

"తట్ట మొయ్యడానికి లిఫ్టెందుకు, దీదీ? ఇది సైన్సు!"

ఆ ఎండలన్నాళ్ళూ సైన్సు అలాగే నడిచింది. మెట్లు తప్పేసరికి అసిరమ్మ మోకాళ్ళు నెమ్మదించాయి, ఒళ్ళు కూడా కాస్త నిండింది. అంటే ఇంకో రెండు బిందెలు! మాయాబందర్ ఊసే లేదు. కుళాయి నీళ్ళు మేడెక్కేవే అయితే, గవరయ్య చంకకి ఈ జన్మలో బిందె రుచి తెలిసేదా? అందుకే వరమన్నాను.

ఏప్రిల్ నాటికి గవరయ్య నడుం వంగింది, మోకాళ్ళు వాచాయి. వీధిలో మగాళ్ళందరినీ వెంటేసుకుని నీళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. ఇది అన్యాయం అన్నాడు. మేడమీదికి నీళ్ళు మొయ్యడం మనుషులు చేసే పనేనా అన్నాడు. బల్ల గుద్దాడు. జోగులు "ఇన్‌సాఫ్ కావాల!" అని అరిచాడు. బయట అరుగుమీద అసిరమ్మ, కాసులమ్మ కూర్చుని వింటున్నారు.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. "అచ్ఛా, ఈ తక్‌లీఫ్, అదే ఈ కష్టం, ఎప్పట్నుంచి?"

"ఈ జనవరినుంచే, సాబ్!" అన్నాడు గవరయ్య.