దున్నపిట్ట

ఎదురింటి విమలాదేవి చెప్పిందంటూ నయాపూల్ దాకా పాకిన వార్త ఏమంటే, పాల బాలనర్సింహ అస్సాం అడవులకు పోతున్నాడట, ఈసారి సదర్‌కు అడవిదున్నను పట్టి తెస్తున్నాడట. విమలాదేవి మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పక్కింటావిడకు చెప్పినప్పుడు అది ఒట్టి దున్న. కూరగాయల బండి దగ్గరికి వచ్చేసరికి దానికి ఏనుగంత ఒళ్లు వచ్చింది. నయాపూల్ చేరేసరికి ‘అస్సాం రుస్తుం’ అని పేరు కూడా పెట్టేశారు.

దీపావళి దాటగానే దున్నపోతులకు నూనె రాసి, గవ్వల పట్టీలు కట్టి, తీన్మార్ దరువు మధ్య ఊరేగించే పండగ సదర్. పాతబస్తీలో పాలవ్యాపారి పరువు ఆ ఒక్క రోజూ అతని దున్న కొమ్ముల మీదే ఉంటుంది. కాబట్టి ఇలాంటి వార్తకు కాళ్లే కాదు, డెక్కలు కూడా వస్తాయి.

అసలు సంగతి వేరు. బాలనర్సింహ పెళ్లాం సుశీలమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచి కోడికంటే ముందు లేచి, జల్‌పల్లి కొట్టంలో బర్రెల పొదుగులు కడుగుతున్న మనిషి. ఒకనాడు మొగుడి కంచంలో అన్నం పెడుతూనే తేల్చి చెప్పింది.

“నాల్గొద్దులు బర్రె మొకం కనవడని జాగకు తీస్కపో. లేకుంటే రేపటిసంది పాలు నువ్వే పిండుకో.”

పాలు పిండటమంటే బాలనర్సింహకు చెమటలు పడతాయి. అతని చెయ్యి తగిలితే ఏ బర్రె అయినా తంతుంది. వెంటనే కూతురు స్రవంతితో టికెట్లు తీయించాడు. బ్రహ్మపుత్ర ఏటా పొంగి కడిగే మైదానంలో కజిరంగా అడవి ఉందట. రెల్లుగడ్డి, మడుగులు, ఖడ్గమృగాలు, ఎక్కడెక్కడి నుంచో దిగే పక్షులు. “మమ్మీ పిట్టలు జూస్తది, నువ్వు మమ్మీని జూస్కో డాడీ” అంది స్రవంతి.

ఫోనులో ఆ అడవి బొమ్మలు జరుపుతూ జరుపుతూ ఉంటే బాలనర్సింహ వేలు ఒకచోట ఆగిపోయింది. అడవిదున్న! నిగనిగలాడే మెడ, నెలవంకను రెండుగా విరిచి అతికించినట్టు కొమ్ములు. అక్కడా బర్రెజాతే ఉందని తెలిస్తే సుశీలమ్మ రైలెక్కదు. గుట్టుగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. కానీ గుట్టు కడుపులో నిలవలేదు. మర్నాడు గడ్డిమోపులు అమ్మే భాయ్ దగ్గర నోరు జారాడు.

“ఏం కొమ్ములు భాయ్! మన గల్లీల అడ్డంబెడ్తె ఆటో పోదు.”

అంతే. ఆ మాట విమలాదేవి మిద్దె ఎక్కి దిగింది. జల్‌పల్లి కొట్టంలోనే పొద్దు గడిపే సుశీలమ్మ చెవిన మాత్రం పడలేదు.

ఇక ఆర్పే పనిలో పడ్డాడు బాలనర్సింహ. ఎవరు అడిగినా “పిట్టలు జూడ పోతున్న” అన్నాడు. అది నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టయింది. కిందటేడు సదర్‌లో అందరి కళ్లూ తన దున్న మీదకి తిప్పుకున్న సోమశేఖర్ పడీపడీ నవ్వాడు.

“పిట్టలా? కాకి నెత్తిమీద రెట్టేసినా పైకి జూడనోనివి నువ్వు! దాయి బాలన్నా, దాయి. సదర్ ముంగట దున్న ముచ్చట ఎవడు జెప్తడు!”

నమ్మించాలని బాలనర్సింహ దుర్భిణి కొని మెడలో వేసుకు తిరిగాడు. దున్న దూరాన ఉండగానే పసిగట్టడానికని గల్లీ అర్థం చేసుకుంది.

ప్రయాణం రోజు తెల్లవారి తలుపు తీస్తే గడప ముందు తీన్మార్ డప్పులు. ఒకడి చేతిలో కొత్త ముకుతాడు. విమలాదేవి చేతిలో హారతి పళ్లెం. సంచీతో బయటికి వచ్చిన సుశీలమ్మ నొసటన విమలాదేవి బొట్టు పెట్టి, “మంచి దున్న దొరకాలె అక్కా!” అంది.

“ఏం దున్న?”

డప్పులు ఆగిపోయాయి. సుశీలమ్మ మొగుడి వైపు తిరిగింది.

“దున్న గాదే... దున్నపిట్ట” అన్నాడు బాలనర్సింహ. “అస్సాంల గట్ల ఒక పిట్ట ఉంటది. నల్లగుంటది.”

“మరి పిట్టకు ముకుతాడు ఎందుకు?”

“జర పెద్ద పిట్ట.”

సుశీలమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసి ఆటో ఎక్కింది.

కజిరంగాలో జీపు కదిలిన క్షణం నుంచి బాలనర్సింహ ఆమె కళ్లకు దుర్భిణి ఆనించి ఆకాశమే చూపించాడు. “అగో, గా బాతులు జూడు! మంచుకొండలు దాటి వస్తయంట!” ఇంతలో రెల్లుగడ్డి రెండుగా చీలింది. మంద. ముందు కొమ్ములు, వెనక కొండలు. బాలనర్సింహ ఒక్క ఉదుటున లేచి, చేతులు చాపి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

“జరుగు” అంది సుశీలమ్మ. “దున్నపిట్ట ఒచ్చింది.”

ఇక ఆ రాత్రే తిరుగురైలు ఎక్కాల్సి వస్తుందనుకున్నాడు బాలనర్సింహ. ఆమె మాత్రం జీపు నడిపేవాణ్ని పాతబస్తీ ఉర్దూలో అడిగింది, వీటి పాలు ఎవరు పిండుతారని. ఎవరూ పిండరన్నాడు. కడిగేదెవరంది. ఎవరూ కడగరన్నాడు. పేడ ఎత్తేదెవరంటే అతనికి నవ్వొచ్చింది. మడుగులో మెడదాకా మునిగిన ఒక బర్రె, వీపు మీద కొంగను మోస్తూ, తీరిగ్గా నెమరు వేస్తోంది. సుశీలమ్మ దుర్భిణి లాక్కుని, పొద్దు వాలేదాకా తిరిగి ఇవ్వలేదు. ఖడ్గమృగం పక్కనుంచి పోయినా తల తిప్పలేదు. పాపం, దున్న కోసం అంత దూరం వచ్చిన బాలనర్సింహ బాతులు చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చిన ఆటో గల్లీ మలుపు తిరిగీ తిరగ్గానే డప్పులు మోగాయి, పటాకులు పేలాయి. సోమశేఖర్ ఆటో వెనక్కి తొంగిచూశాడు.

“లారీ ఎనకొస్తున్నదా అన్నా?”

బాలనర్సింహ ఆటోవాడికి ఇవ్వాల్సిన చిల్లర లెక్కపెట్టసాగాడు. సుశీలమ్మ సంచీ భుజాన వేసుకుని దిగింది. సోమశేఖర్ మీసం కింద నవ్వు దాచుకుంటూ ఆమెను అడిగాడు.

“ఏంది వదినా, దున్న దొరకలేదా?”

“దొరికింది. మస్తు సుకంగున్నది. గీ గల్లీకి తోలుకొచ్చి దాని బతుకు నా లెక్క ఎందుకు చెయ్యాలె అని ఆడనే ఇడిచిపెట్టి వచ్చిన.”