పోయిన రాణి కొరకు

ఆ ఆదివారానికి సవరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పూజకు వెళ్ళాలి. పునీత అంతోనివారికి మరోసారి గట్టిగా గుర్తుచేయాలి. అటునుంచి అటే బస్సెక్కి తల్లాడ వెళ్ళి, బస్టాండు చుట్టుపక్కల నాలుగోసారి వెతకాలి. పోయిన వస్తువులు దొరికేలా చేయడంలో అంతోనివారిని మించినవారు లేరని క్యాథలిక్కులందరికీ తెలుసు. కానీ ఐదు రోజులైనా ఆయన దగ్గరనుంచి ఉలుకూ పలుకూ లేదు.

పోయింది సైకిల్. దాని పేరు రాణి. మలేరియా డిపార్టుమెంటులో ఉద్యోగం దొరికిన నెలలోనే సవరయ్య దాన్ని కొన్నాడు. పాతికేళ్ళపాటు దానిమీదే అడవి పల్లెలు తిరిగి, జ్వరమన్నవాళ్ళ వేలు పొడిచి, గాజు పలకలమీద నెత్తురు చుక్కలు పట్టుకొచ్చాడు. రాణి గంట వినపడితే సూదికి భయపడే పిల్లలు చెట్లెక్కేవారు, పెద్దవాళ్ళు జ్వరపు మనుషులను బయటికి నడిపించుకొచ్చేవారు. వాగులు పొంగితే సవరయ్యే రాణిని భుజాన వేసుకుని దాటించేవాడు. ఇద్దరిలో ఎవరు ఎవరిని ఎక్కువ మోశారో చెప్పడం కష్టం. రిటైరై, ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాక కొడుకులు మోపెడ్ కొనిచ్చారు. దానిమీద ప్రస్తుతం కోళ్ళు పడుకుంటున్నాయి.

మంగళవారంనాడు తల్లాడలో టీ తాగి వచ్చేసరికి రాణి లేదు. ఆ రోజునుంచి అతనికి అన్నం సహించడం లేదు. శనివారం గుడికి వెళ్ళి, పూజలో ఫాదర్‌గారు పైకి చదివే కోరికల పుస్తకం తెరిచాడు. పైన ఎవరిదో తాతగారి సంవత్సరీకం, కింద ఎవరి కొడుకుదో టెన్త్ పరీక్ష. ఆ రెండింటి మధ్య 'సైకిల్' అని రాయడానికి చేయి రాలేదు. "పోయిన రాణి కొరకు – సవరయ్య, జోజమ్మ" అని రాసి, దొంగ చెయ్యి పడిపోవాలన్న రెండో కోరికను మాత్రం మనసులోనే చెప్పుకున్నాడు.

కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు గుంటూరువైపు మనిషి. ఉన్నది ఉన్నట్టు చదివే అలవాటు. ఆదివారం పూజలో మైకు దగ్గరికి జరిగి, "పోయిన రాణి కొరకు, సవరయ్యగారు, జోజమ్మగారు" అని ఒక్క అక్షరం మార్చకుండా చదివారు. సవరయ్య తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. గుడి గుడంతా అతనివైపు తిరిగింది. ఏడాది కిందట ఊళ్ళోకి వచ్చిన కుటుంబం కాబట్టి వాళ్ళింట్లో ఎవరెవరున్నారో ఎవరికీ పెద్దగా తెలియదు.

పూజ అయ్యాక అందరికంటే ముందు బుల్లెమ్మ వచ్చింది. ఎవరింట్లో కష్టం వచ్చినా ఇంటివాళ్ళకంటే ముందు అక్కడుండే మనిషి ఆమె. మనసు మంచిది. ఆగడమే చేతకాదు.

"ఎప్పుడు పోయింది తమ్మీ?"

"మంగళారం అక్కా. తల్లాడ బస్టాండు కాడ."

"దగ్గెర ఎవలు లేరా?"

"నేనే ఉన్న. గోడకు ఆనిచ్చి, ఛాయ్ తాగొద్దామని పోయిన. తిరిగొచ్చేసరికి లేదు."

బుల్లెమ్మ గుండెమీద చేయి వేసుకుంది. "ఎన్నేండ్లుంటయ్?"

"ఇరవై ఆరు."

"గదేం వయసు తమ్మీ."

"నేను గూడ గట్లనే అనుకున్న. నేను పోయేదాక నాతోనే ఉంటదనుకున్న," అన్నాడు సవరయ్య.

చుట్టూ చేరిన పదిమందీ అతని భుజం నిమిరారు. సైకిల్ కోసం ఇంత బాధపడే మనుషులు ఈ కాలంలోనూ ఉన్నారా అని సవరయ్య కరిగిపోయాడు. ఈ ఊరివాళ్ళను ఇన్నాళ్ళూ తక్కువ అంచనా వేసినందుకు సిగ్గుపడ్డాడు కూడా. వాళ్ళందరినీ విదిలించుకుని బస్సెక్కడం మర్యాద కాదని ఇంటికి వచ్చేశాడు.

పన్నెండింటికి బుల్లెమ్మ ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, గిన్నెల్లో అన్నం, పప్పుచారు పట్టుకుని వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే పొయ్యిమీద కోడికూర ఉడుకుతోంది. ఆమె పొయ్యి ఆర్పేసి, కూర గిన్నెకు మూత పెట్టి పక్కకు జరిపింది. దుఃఖంలో మనిషికి మతి స్థిమితంగా ఉండదని, ఈ పూట ఇంట్లో పొయ్యి ముట్టించవద్దని జోజమ్మకు మెత్తగా చెప్పింది. జోజమ్మ కాసేపు ఆలోచించింది. ఆ ఇంట్లో ఆలోచించే పని ఎప్పుడూ ఆమెదే. తర్వాత మొగుణ్ణి పెరట్లోకి పిలిచింది.

"ఏమయ్యా, సైకిల్ పోతే ఎవలన్న అన్నం తెస్తరా?"

"మంచోళ్ళు జోజమ్మా."

"మంచోళ్ళే. రాణి అంటే మనిషనుకుంటున్నరు."

సవరయ్య బట్టలుతికే బండమీద కూలబడ్డాడు. పొద్దుటినుంచీ తనన్న ఒక్కొక్క మాటా వరసగా గుర్తుకొచ్చింది. గోడకు ఆనించి టీకి పోయాను అన్నప్పుడు బుల్లెమ్మ తనవైపు చూసిన చూపు మరీ గుర్తుకొచ్చింది. వెంటనే వెళ్ళి నిజం చెప్పేస్తానని లేచాడు.

కానీ ముందుగదిలో అప్పటికే పాతికమంది ఉన్నారు. వాళ్ళు ఊరికే కూర్చోలేదు. రాణి జోజమ్మ చెల్లెలి కూతురనీ, చిన్నప్పటినుంచి వీళ్ళే పెంచారనీ, వచ్చే నెలలో నిశ్చితార్థం అనుకున్నారనీ తేల్చారు. పెళ్ళికొడుకుది ఎర్రుపాలెం అని కూడా ఎవరో అన్నారు. సవరయ్య గొంతు సవరించుకునేలోపు, పోయినేడు కూతుర్ని పోగొట్టుకున్న ఒకావిడ అతని పక్కకు వచ్చి, చేయి పట్టుకుని కూర్చుంది. ఆ చేయి విడిపించుకుని 'సైకిల్' అనగల ధైర్యం అతనికి లేదు. అలా నాలుగయింది.

నాలుగింటికి ఫాదర్‌గారు జపమాల చెప్పించడానికి వచ్చారు. బల్లమీద కొవ్వొత్తి నిలబెట్టి, పక్కన పెట్టడానికి రాణి ఫొటో ఒకటి కావాలన్నారు. ఇక తప్పించుకునే దారి లేదు. సవరయ్య బీరువా తెరిచి, ఇరవై ఆరేళ్ళనాటి ఫొటో తెచ్చి ఇచ్చాడు. అందులో నల్లటి మీసంతో సవరయ్య కొత్త సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఫాదర్‌గారు ఫొటోను అటూ ఇటూ తిప్పారు. "ఇందులో రాణి ఎవరండీ?"

సవరయ్య ముందు చక్రంమీద వేలు పెట్టాడు. "ఇది, ఫాదర్."

సవరయ్య చేతులు జోడించి, పుస్తకంలో ఎందుకలా రాశాడో, పొద్దున ఏ మాట ఏ ఉద్దేశంతో అన్నాడో మొత్తం చెప్పేశాడు. తిడితే పడదామని తల వంచుకుని నిలబడ్డాడు. కూతుర్ని పోగొట్టుకున్న ఆవిడవైపు చూడడానికి అతనికి మొహం చెల్లలేదు. ఆవిడే ముందు మాట్లాడింది. తన బిడ్డ కూడా హైస్కూలుకు సైకిల్‌మీదే పోయేదని, దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధికాక ఇంట్లోనే పెట్టుకున్నానని చెప్పి, సవరయ్యను కూర్చోమంది.

బుల్లెమ్మ ముక్కు చీదుకుంది. "మా ఆయన నాకు మిర్చి కల్లంల సైకిల్ నేర్పిండు తమ్మీ. మిర్చి కుప్పల పడ్డ. ఆయన చచ్చిపోయిన యేడే గా సైకిల్ని ఎవడో ఎత్తుకపోయిండు. ఆయనకు ఏడిస్తే నలుగురు ఓదార్చిండ్రు. సైకిల్‌కు ఏడిస్తే నవ్వుతరని ఏడవలే." ఇప్పుడు మాత్రం దాచుకోకుండా ఏడ్చింది.

ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. కల్లూరు సంతలో పోయినవి, వాగులో కొట్టుకుపోయినవి, బావమరిదికి ఇస్తే తిరిగి రానివి. సెమినరీకి వెళ్ళేటప్పుడు తన సైకిల్ తమ్ముడికి ఇచ్చానని, వాడు నెల తిరక్కుండానే పోగొట్టాడని ఫాదర్‌గారు చెప్పారు. "వాణ్ణి ఎప్పుడో క్షమించేశానని అందరికీ చెబుతుంటానండీ," అన్నారు, కొవ్వొత్తివైపు చూస్తూ.

అప్పుడే వాకిట్లోకి జంపయ్య వచ్చాడు. అడవిలో పన్నెండు కిలోమీటర్ల లోపలి పల్లె అతనిది. సవరయ్య పాతికేళ్ళు జ్వరాలు చూసిన ఇల్లు. చంకలో కోడిపెట్ట ఉంది. తెచ్చిన సైకిల్‌ను గోడకు ఆనించి, తలపాగా విప్పుకుని, గుమ్మంలో గొంతుకూర్చున్నాడు.

"సారూ, మీ రాణమ్మ పోయిందని తల్లాడల చెప్పిండ్రు. పానం ఉసూరుమన్నది," అన్నాడు.

అతని వెనక, గోడకు ఆనుకుని, రాణి ఉంది.

పాతికమంది తలలూ గోడవైపు తిరిగాయి. సవరయ్య లేచి వెళ్ళి సీటుమీద చేయి వేసి, ఇదెక్కడిదని అడిగాడు. జంపయ్యకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మంగళవారం సంతకు మనవరాలిని తీసుకొచ్చాడట. బస్టాండు దగ్గర పిల్ల జ్వరంతో కళ్ళు తేలేసింది. ఎదురుగా మలేరియా సారు సైకిల్ కనిపించింది. అరటిపండ్ల బండివాడితో చెప్పి, పిల్లను దానిమీద వేసుకుని దవాఖానాకు ఉరికాడు. బండివాడు ఆ కబురు చెప్పకుండానే వెళ్ళిపోయాడు. అప్పటినుంచి సైకిల్ దవాఖానా వరండాలోనే ఉంది. పాతికేళ్ళు ఆరోగ్యశాఖలో పనిచేసిన సవరయ్య తల్లాడలో వెతకని చోటు అదొక్కటే.

"తాళం లేకపోయె. 'ఎందుకెయ్యవు సారూ' అని ఓసారి అడిగితే, 'ఎవలకన్న అక్కెర పడతది జంపయ్యా' అన్నవు. నాకు అక్కెర పడ్డది," అన్నాడు జంపయ్య.

"పిల్లెట్లుంది?"

"లేచి కూసున్నది. గంజి తాగుతున్నది. రేపు ఇంటికి తోల్కపొమ్మన్నరు."

దొంగ చెయ్యి పడిపోవాలని ఐదు రోజులుగా చేసిన ప్రార్థన గుర్తుకొచ్చి సవరయ్యకు ఒళ్ళు జలదరించింది. అంతోనివారు ఆ కోరికను విననట్టు ఊరుకున్నందుకు లోలోపలే దండం పెట్టుకున్నాడు. ఆ పల్లెకు బస్సు లేదు. నీరసంగా ఉన్న పిల్ల పన్నెండు కిలోమీటర్లు ఎలా నడుస్తుంది? రాణి వచ్చి ఇంకా అరగంట కాలేదు. సవరయ్యకు ఇవ్వాలని లేదు. అయినా సైకిల్‌ను తనే వాకిలి దాటించి, జంపయ్య చేతుల్లో పెట్టాడు. పిల్ల బాగా కోలుకునేదాకా ఉంచుకోమన్నాడు. అది మలుపు తిరిగేదాకా నిలబడి చూశాడు. దొంగ ఎత్తుకుపోయాడనుకున్నప్పటికంటే ఇప్పుడు గుండె తేలికగా ఉంది, కళ్ళు మాత్రం మళ్ళీ తడిశాయి. జోజమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించి, కోడికూర వేడిచేసి అందరికీ పెట్టింది.

సోమవారం పొద్దున కల్లూరు గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి ఇన్నయ్య, కబురు ఆలస్యంగా తెలిసి, తొలి బస్సుకు వచ్చాడు. సవరయ్య మొహం ప్రశాంతంగా ఉండడం చూసి ఆశ్చర్యపోయాడు.

"రాణి పోయిందంట గదన్నా?"

"లేదు ఇన్నయ్యా, నిన్న ఇంటికొచ్చింది. పొద్దుగూకంగ జంపయ్యతోటి పోయింది. నేనే దగ్గరుండి పంపిన."

ఇన్నయ్య అతని భుజంమీద చేయి వేశాడు. "పోనీలే అన్నా. ఏడున్నా సల్లగుంటే సాలు," అన్నాడు.

సవరయ్య కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాడు కాబట్టి, ఆ మాటలో సరిదిద్దవలసిందేమీ అతనికి కనిపించలేదు.