ఒప్పుకున్నాయన

మా భవనంలో ఒక అవాంఛనీయ సంఘటన జరిగిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. మూడో అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన ఒక మనిషి, అడిగి తీసుకెళ్ళిన కారును తిరిగి ఇస్తూ, దానికి తగిలిన దెబ్బ తానే తగిలించానని చెప్పాడు. చూసినవాళ్ళు లేరు. అడిగినవాళ్ళు లేరు. అయినా చెప్పాడు.

ఇందులోని అఘాయిత్యం మీకు పూర్తిగా అర్థం కావాలంటే ముందు ఆ కారు గురించి, మా మర్యాదల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి.

కారు కింది వాటాలో ఉండే కళ్ళజోళ్ళ షాపాయనది. పగలల్లా ఊళ్ళోవాళ్ళ చూపు పరీక్షించి, గోడ మీది అక్షరాలు చదివించి, ఎవరికి తగిన అద్దాలు వారికి బిగించి పంపే నెమ్మదస్తుడు. ఆయనకు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. 'ఇవ్వను' అనే మాట మాత్రం నోటికి రాదు. కార్లు మా భవనంలో ఇంకా ఉన్నాయి. అడిగితే ఇచ్చేది ఆయనొక్కడే కనక, ఆయన కారు భవనం కారు అయింది.

ఆ కారును మేమంతా ఎంతో బాధ్యతగా వాడుకున్నాం. మొదటి అంతస్తులో ఉండే ఆయన బావమరిది ఒకసారి స్నేహితుడి పెళ్ళికి తీసుకెళ్ళి, మర్నాడు తెచ్చి ఇచ్చాడు. తాళాలతోపాటు ఒక బంపరు కూడా చేతిలో పెట్టి, "బావా, ఇదేదో వెనక సీట్లో దొరికింది. మీదేనేమో చూసుకోండి" అన్నాడు. దొరికిన వస్తువును కిమ్మనకుండా ఉంచేసుకోకుండా సొంతదారుకు అప్పగించినందుకు అతని అక్క, అంటే షాపాయన భార్య, నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది.

భవన సంఘం అధ్యక్షులవారు ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి. వారు తీసుకెళ్ళి తెచ్చాక కారు కుడివైపు అద్దం కనిపించలేదు. షాపాయన నసుగుతూ అడిగితే, "కుడివైపా? ఆ వైపు కూడా అద్దం ఉండేదా మీ కారుకి?" అని వారు నిజంగా ఆశ్చర్యపోయారు. ఎంత నిజంగా అంటే, సాయంత్రానికి షాపాయనకే అనుమానం వచ్చింది.

రెండో అంతస్తు నృత్యం టీచరమ్మ వాడి ఇచ్చినప్పటి నుంచి స్టీరింగు ఎడమకు తిప్పితే చాలు, హారన్ దానంతటదే మోగడం మొదలైంది. "భలే సౌకర్యం పెట్టించారండీ" అని ఆవిడ ఆయన్నే మెచ్చుకుంది. నేనూ ఒకసారి తీసుకెళ్ళాను. నా హయాంలో కారుకు ఏమీ కాలేదు. ఎడమ తలుపు మీది సొట్ట గురించి నన్నెవరూ అడగలేదు కనక దాని ప్రస్తావన ఇక్కడ అనవసరం.

షాపాయన కూడా మా పద్ధతికి సహకరించేవాడు. మర్నాడు పొద్దున్నే కొత్త సొట్ట ముందు నిలబడి, నొప్పెట్టిన పిల్లాడి వీపు నిమిరినట్టు అరచేత్తో నిమిరి, ఏమీ అనకుండా షాపుకు వెళ్ళిపోయేవాడు. అంతకు మించిన ఇరుగుపొరుగు సఖ్యత ఎక్కడైనా ఉంటుందా?

ఈ ప్రశాంత వాతావరణంలోకి మూడో అంతస్తాయన దిగాడు. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఎదుటివాడి రాతలో తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని మనిషి. భార్య బళ్ళో లెక్కల టీచరు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న అత్తగారు రైల్లో వస్తోందని, స్టేషన్ నుంచి తీసుకురావడానికి కారు అడిగాడు. షాపాయన ఎప్పట్లాగే ఇచ్చాడు.

సాయంత్రం తలుపు గంట మోగింది. మా ఆచారం ప్రకారం తాళాలు చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళిపోవాలి. గంట మోగడమే మొదటి అపశ్రుతి.

"సార్, మీ కారు వెనక్కి తీస్తూ స్టేషన్ గోడకి గుద్దేశాను. వెనక లైటు పగిలింది. తప్పు నాదే. రేపు మెకానిక్కు దగ్గరికి నేనే తీసుకెళ్ళి బాగు చేయించి తెస్తాను" అన్నాడు మూడో అంతస్తాయన.

షాపాయనకు అర్థం కాలేదు. "గోడ అడ్డమొచ్చిందాండీ?" అన్నాడు సాయం చేస్తున్నట్టు.

"లేదండీ. గోడ ఉన్నచోటే ఉంది."

"వెనకాల ఎవరైనా హారన్ కొట్టి కంగారు పెట్టారేమో."

"ఎవరూ లేరండీ. నేనే చూసుకోలేదు."

షాపాయన, "కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు. ఆ రోజు కారు ఇచ్చిన మనిషికీ తీసుకున్న మనిషికీ మధ్య నిలబడి ఉన్నది ఒక నిజం. అలాంటి అతిథికి ఏ కుర్చీ వెయ్యాలో పాపం ఆయనకు తెలియదు. ఆ తరవాత చాలాసేపు ఆయన తనలో తను నవ్వుకుంటూ ఇంట్లో అటూ ఇటూ తిరిగాడని ఆయన భార్యే చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు.

"ఒక్క లైటు పగిలితే పనిగట్టుకుని వచ్చి ఎవరైనా చెప్తారా? ఇంకేదో పెద్దదే చేసుంటాడు. అది కప్పిపుచ్చడానికే ఈ లైటు" అంది ఆవిడ. ఆ మాట తమ్ముడి చెవిన వేసింది. ఇంకా వెలుతురు ఉండగానే ఇద్దరూ బయటికొచ్చి కారు చుట్టూ తిరిగారు. వాళ్ళను చూసి మేమూ దిగాం. ఇంతకాలం కారు ఎక్కి దిగామే గానీ దాన్ని ఇలా శ్రద్ధగా చూసింది లేదు. ఊడిన బంపరు, లేని అద్దం, ఎడమ తలుపు సొట్ట, ముందు సీటు మీద కాలిన మచ్చ, మూతపడని డిక్కీ. అన్నీ మాకు మొదటిసారి కనిపించాయి.

"అమ్మో! ఒక్క పూటలో ఎంత పని చేశాడు!" అన్నాడు బావమరిది, తనే వెనక సీట్లో వేసి తెచ్చిన బంపరు ఉండాల్సిన చోటును చూస్తూ. అతని గొంతులో బాధ నిజమైనది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని కూడా కొందరన్నారు.

మూడో అంతస్తాయన మాత్రం మర్నాడే అన్న ప్రకారం లైటు వేయించుకొచ్చాడు. అదింకో తలనొప్పి అయింది. కొత్త లైటు తళతళ మెరుస్తుంటే పక్కది వెలవెలబోయింది. మంచి కారును పాతదానిలా కనబడేట్టు చేశాడని ఇంకో ఆరోపణ చేరింది. ఆదివారం అత్యవసర సమావేశానికి అధ్యక్షులవారు పిలుపునిచ్చారు.

శనివారం సాయంత్రం షాపాయన ఎవరూ చూడకుండా మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళాడు. నాకెలా తెలుసంటారా? మాది వాళ్ళ ఎదురు వాటాయే. మా తలుపు కొంచెం తీసే ఉంటుంది.

"చూడండి, ఒక్క మాట అంటే అంతా సర్దుకుంటుంది" అని ఆయన బతిమాలాడు. "రేపు లేచి నిలబడి, 'నాకు తెలీదు, నేను తీసుకున్నప్పుడే అలా ఉంది' అనండి. చాలు. ఇక్కడ అందరూ అనే మాటే. నేనేమీ అనుకోను."

"మరి మీకు చెప్పేశాను కదండీ."

"నేను మర్చిపోతాను. నాకు అలవాటే. ఏదీ, ఒకసారి అనండి."

మూడో అంతస్తాయన గొంతు సవరించుకున్నాడు. "నాకు తెలీదు... నేను తీసుకున్నప్పుడే..." అని ఆగి, "తీసుకున్నప్పుడు బాగానే ఉంది కదండీ!" అన్నాడు దిగులుగా. లోపల్నించి అత్తగారు, "అల్లుడుగారూ, పోనీ ఆ గోడని గుద్దింది మా అత్తగారని చెప్పేయండి" అంది. లెక్కల టీచరు మాత్రం పరీక్ష కాగితాల మీంచి తల ఎత్తకుండా, "అన్నయ్యగారూ, మీ కారు మీద ఇంత మంది పడి తొక్కుతుంటే మీరు వచ్చి మా ఆయనకి అబద్ధం నేర్పిస్తున్నారు. అదేదో కింద వాళ్ళకి నిజం నేర్పించకూడదూ?" అని అడిగింది. షాపాయన మొహం చిన్నబోయింది. "అంత ధైర్యమే ఉంటే అసలు కారే ఇచ్చేవాణ్ణి కాదమ్మా" అని చెప్పి కిందికి దిగిపోయాడు.

ఆదివారం కింద పార్కింగులో కారు చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అధ్యక్షులవారు కండువా సర్దుకుని లేచారు.

"సోదర సోదరీమణులారా! ఈ భవనం కట్టిన నాటి నుంచి నేటి దాకా ఇక్కడ ఏ వాహనానికీ ఎవరి వల్లా ఏ ప్రమాదమూ జరగలేదు. సొట్టలు పడ్డాయి, నేను కాదనను. అద్దాలు ఊడాయి, అదీ కాదనను. కానీ అవన్నీ ఎవరి ప్రమేయమూ లేకుండా శాంతియుతంగా జరిగాయి. ఈనాడు, మొట్టమొదటిసారిగా, ఒక దెబ్బకు ఒక మనిషి దొరికాడు! ఇది మన సామరస్యానికే గొడ్డలిపెట్టు. ఇవాళ లైటు ఒప్పుకున్నారు. రేపు అందరూ ఒప్పుకోవాలంటారు. అప్పుడు మన గతేమిటి?"

చప్పట్లు మోగాయి. నావి కాస్త గట్టిగానే మోగాయి.

బావమరిది లేచాడు. "ఒక గోడని గుద్దినాయన మిగతా గోడల్ని ఊరికే వదిలేశాడంటే నేను నమ్మను."

అందరూ మూడో అంతస్తాయన వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. వెనక వరసలోంచి షాపాయన పెదవులు కదిపి మాట అందిస్తున్నాడు. "నాకు తెలీ..." అన్నాడు ఆయన. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయన గట్టెక్కాలని మేమందరం మనసారా కోరుకున్నాం. "నాకు తెలీ... కుండానే వెనక్కి పోనిచ్చి గుద్దేశానండీ" అని ముగించి ఆయన కూర్చుండిపోయాడు.

అప్పుడు లెక్కల టీచరు లేచింది. "లైటు మాది. వేయించాం. మిగతావి ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళండి" అంది, పిల్లలకు దిద్దిన పుస్తకాలు పంచుతున్నట్టు.

అధ్యక్షులవారు పైకప్పు పరిశీలించారు. నృత్యం టీచరమ్మ మోగని ఫోను తీసి "హలో" అంది. తరవాత, దెబ్బలు ఒప్పుకునే అర్హతగల వ్యక్తి భవనంలో ఒక్కరే ఉన్నారు కనక, ఇంతవరకు జరిగినవన్నీ వారి ఖాతాలో వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. షాపాయన చెయ్యి ఎత్తలేదు. ఆయన భార్య ఎత్తి పట్టుకుంది.

ఆనాటి నుంచి మా భవనానికి మంచి రోజులు వచ్చాయి. నీళ్ళ మోటారు కాలిపోతే ఎవరు కాల్చారో వెతికే శ్రమ తప్పింది. అధ్యక్షుల గొడుగు పోతే వారు మూడో అంతస్తు వైపు ఒకసారి చూసి నిట్టూర్చారు. అంతే, ఇంకేమీ అక్కర్లేకపోయింది. 'ఒప్పుకున్నాయన' అనే పేరు స్థిరపడింది. ఆయన "ఇది నేను కాదండీ" అని మొత్తుకునేవాడు. లైటు ఒప్పుకున్న మనిషి దీన్ని ఒప్పుకోవడం లేదంటే ఎంత పెద్ద తప్పై ఉండాలో మీరే ఆలోచించండి. మేం ఆలోచించాం. ఒకళ్ళ మీద ఒకళ్ళం అనుమానపడే అవసరం పోయి, మా మధ్య మునుపెన్నడూ లేని ఐకమత్యం వెల్లివిరిసింది.

దాన్ని మూడో అంతస్తువాళ్ళు ఎక్కువ రోజులు సాగనివ్వలేదు. ఒక ఉదయం సామాను లారీ వచ్చింది. అత్తగారిని ఆటోలో ఎక్కించడానికి అవస్థ పడుతుంటే, షాపాయన అందరి ముందూ వచ్చి తాళాలు చాచాడు.

"కారు తీసుకెళ్ళండి."

"వద్దండీ" అన్నాడు ఒప్పుకున్నాయన. "మళ్ళీ ఏమన్నా అయితే మళ్ళీ వచ్చి చెప్పాల్సొస్తుంది."

"అందుకేనండీ తీసుకెళ్ళమంటున్నది" అన్నాడు షాపాయన. ఆయన భార్య వచ్చి ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆటో వెళ్ళిపోయింది.

ఆ తరవాత కూడా కొన్నాళ్ళు పాత ఊపులో అన్నీ ఆయన ఖాతాలోనే వేసుకుంటూ వచ్చాం. కానీ బావమరిది కారు తీసుకెళ్ళి ముందు అద్దం బీటలతో తెచ్చినప్పుడు చిక్కొచ్చిపడింది. భవనంలోనే లేని మనిషి మీద ఎంతకని వేస్తాం? నృత్యం టీచరమ్మ బావమరిదిని చూసింది. బావమరిది అధ్యక్షుల్ని చూశాడు. అధ్యక్షులు నన్ను చూశారు. ఇప్పుడు మెట్ల మీద ఎదురుపడితే ఎవరూ ఎవరినీ పలకరించుకోవడం లేదు.

భవన క్షేమం దృష్ట్యా మూడో అంతస్తుకు వెంటనే బోర్డు తగిలించాం: 'అద్దెకు ఇవ్వబడును. గాలి, వెలుతురు, నీటి సౌకర్యం కలవు. తప్పు ఒప్పుకునేవారికి ప్రాధాన్యం.' చాలామంది వచ్చారు. అందరూ తాము అలాంటివాళ్ళమేనని ప్రమాణం చేశారు. వచ్చినవాళ్ళను పరీక్షించడానికి అధ్యక్షులవారు బల్ల అంచున ఒక గాజు కప్పు పెట్టించారు. ఇంతవరకు చాలా కప్పులు పోయాయి. చెయ్యి తగిలి కింద పడ్డ ప్రతిసారీ, "అయ్యో, ఇది ముందే పగిలి ఉన్నట్టుందండీ" అన్న మాటే వినిపించింది. వాళ్ళను కాఫీ ఇచ్చి గౌరవంగా సాగనంపాం.

కాబట్టి పాఠకులకు మనవి. మీ ఎరుకలో తప్పు చేసి, వచ్చి చెప్పే మనిషి ఎవరైనా ఉంటే దయచేసి మా చిరునామా ఇవ్వండి. మీరు మాత్రం శ్రమ తీసుకోకండి. మీలాంటివాళ్ళం ఇక్కడ ఇప్పటికే కావలసినంతమందిమి ఉన్నాం.